లంక కాలాక హనుమ ఎందుకు భయపడ్డాడు? ఆవేశం, నమ్మకం, మాట గురించి ఒక పాఠం



సుందరకాండ సిరీస్‌లో లంకాదహనం వీడియో చూసినవాళ్ళకి ఒక మాట. ఆ వీడియోలో టైమ్ సరిపోక ఒక ఘట్టం వదిలేశాను. నిజానికి ఆ ఘట్టమే నాకు చాలా ఇష్టం. తోక చివర నిప్పు, మండుతున్న మేడలు, పరుగులు తీస్తున్న రాక్షసులు... ఇవన్నీ మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. సినిమాల్లో చూశాం, హరికథల్లో విన్నాం. కానీ ఆ నిప్పు ఆర్పేశాక హనుమ మనసులో ఏం జరిగిందో చాలామందికి తెలియదు. ఈ రోజు పాఠం దాని గురించే.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ వీడియో కింద ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, మన దేవుళ్ళ గురించి ఎవరైనా తప్పుగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఊరుకుంటే పిరికివాడిని అనిపిస్తుంది. తిడితే ఇంట్లో వాళ్ళు తిడతారు. హనుమ అయితే ఏం చేసేవాడు?"

చాలా మంచి ప్రశ్న. రెండు లైన్లలో జవాబు పెట్టడం కుదరలేదు. అందుకే ఇంత పెద్ద పోస్ట్. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి చెప్తాను

పాఠం చెప్పేవాడు తన తప్పు దాచిపెట్టి ఎదుటివాళ్ళకి నీతులు చెప్పడం బాగోదు. కాబట్టి ముందు నాది.

కొన్నేళ్ళ క్రితం, కార్తీక మాసం. ఆఫీసు నుంచి మెట్రోలో వస్తున్నాను. ఫోన్‌లో ఒక క్లిప్ వచ్చింది. ఒక టిఫిన్ బండి దగ్గర ఒకాయన గుడి ప్రసాదం పొట్లాన్ని చెత్తబుట్టలో పడేస్తున్నట్టు ఉంది. కింద "మన ఏరియాలోనే, అందరికీ పంపండి" అని రాసి ఉంది. బండికి నీలం రంగు. మా సందు చివర ఉండే బండి కూడా నీలం రంగే. మొహం సరిగ్గా కనపడలేదు. కానీ నాకు అప్పటికే కోపం వచ్చేసింది. కోపం వచ్చాక మొహం కనపడాల్సిన అవసరం ఏముంది?

మూడు గ్రూపుల్లో పెట్టాను. అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపు, గుడి సేవ గ్రూపు. ఊరికే పెట్టలేదు, పైన ఒక వాక్యం కూడా రాశాను: "ఇలాంటి వాళ్ళ దగ్గరా మనం తినేది? కాస్త సిగ్గుండాలి." బోలెడు దండాలు, బోలెడు కోపం బొమ్మలు వచ్చాయి. నిజం చెప్పాలంటే, నాకు బాగా అనిపించింది. ఏదో ధర్మకార్యం చేసినట్టే అనిపించింది.

మూడో రోజు అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకావిడ అడిగారు: "సౌండ్ పెట్టుకుని విన్నారా? వాళ్ళు మాట్లాడేది తెలుగు కాదు." నేను వినలేదు. మెట్రోలో కదా, మ్యూట్‌లో చూశాను. సౌండ్ పెట్టి వింటే అది వేరే రాష్ట్రం, వేరే భాష. అసలు అక్కడ పడేసింది ప్రసాదమో, పాడైపోయిన ఇంకేదో కూడా తెలియదు.

మెసేజ్ డిలీట్ చేశాను. అపార్ట్‌మెంట్ గ్రూపులో "సారీ, పొరపాటు" అని పెట్టాను. మిగతా రెండు గ్రూపుల్లో పెట్టలేదు. ఎవరూ అడగలేదు కదా అనుకున్నాను.

వారం తర్వాత ఆ బండి దగ్గరికి వెళ్ళాను. ఇడ్లీ తిన్నాను, ఏమీ చెప్పకుండా వచ్చేశాను. మళ్ళీ రెండు రోజులకి వెళ్ళి, ఆ క్లిప్ పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి అని చెప్పాను. ఆయన "తెలిసిందిలే బాబూ, చట్నీ ఇంకొంచెం వెయ్యనా?" అన్నాడు. ఆయన భార్య మాత్రం నా వైపు చూడలేదు. గిన్నెలు తోముతూనే చెప్పింది: కొందరు కుర్రాళ్ళు వచ్చి గోల చేశారని, భయపడి రెండు రోజులు బండి పెట్టలేదని, రుబ్బిన పిండి మొత్తం పులిసిపోతే పారబోశామని.

రెండు రోజుల పిండి. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. సుందరకాండలో ఆ ఘట్టం చదివినప్పుడల్లా ఇంకా బాగా గుర్తొస్తుంది.

రావణుడి సభలో హనుమ ఎలా మాట్లాడాడు?

ఇప్పుడు కథలోకి వద్దాం. వాల్మీకి రామాయణం ప్రకారమే చెప్పుకుందాం.

సీతమ్మను చూశాక హనుమ అశోకవనం పాడు చేశాడు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు మట్టి కరిపించాడు. జంబుమాలి, అక్షకుమారుడు కూడా పోయారు. చివరికి ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రం వేసి పట్టుకున్నాడు. రావణుణ్ణి చూసే అవకాశం దొరుకుతుందని హనుమ కూడా ఆ కట్టుకి లోబడ్డాడు.

ఒక్కసారి ఊహించుకోండి. ఎదురుగా సీతమ్మను ఎత్తుకొచ్చినవాడు. కొద్దిసేపటి క్రితమే ఆ తల్లి కన్నీళ్ళు కళ్ళారా చూసి వచ్చాడు. మనమైతే ఏం చేస్తాం? నోరు తెరిస్తే తిట్లే.

హనుమ ముందు చూశాడు. రావణుణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, లోలోపల ఆశ్చర్యపోయాడు. ఏమి రూపం, ఏమి ధైర్యం, ఏమి తేజస్సు అనుకున్నాడు. ఈ అధర్మం ఒక్కటి లేకపోతే ఇతను దేవలోకాన్ని కూడా కాపాడగలిగేవాడే అనుకున్నాడు. గమనించండి, శత్రువులో ఉన్న గొప్పతనం కనపడకుండా పోయేంత కోపం ఆయనకి లేదు. కోపం ఉంది, కానీ కళ్ళు మూయలేదు.

ప్రహస్తుడు అడిగాడు, ఎవరు పంపితే వచ్చావు అని. హనుమ దాచలేదు, డొంకతిరుగుడు లేదు. నన్ను ఇంద్రుడో యముడో వరుణుడో పంపలేదు, నేను పుట్టుకతోనే వానరుణ్ణి, రావణుణ్ణి చూడాలని వనం పాడు చేశాను, మీద పడితే ఒళ్ళు కాపాడుకోవడానికి యుద్ధం చేశాను అన్నాడు. తను చేసింది తను చేశానని ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత రావణుడితో మాట్లాడిన తీరు చూడండి. మొదట ఏం చెప్పాడో తెలుసా? నీకు సోదరుడి వంటివాడైన సుగ్రీవుడు నీ క్షేమం అడిగాడు అని! మొదటి మాటే కుశలప్రశ్న. ఆ తర్వాత, నువ్వు ధర్మం తెలిసినవాడివి, గొప్ప తపస్సు చేసినవాడివి, అలాంటి నువ్వు పరాయివాడి భార్యను బంధించడం తగదు అన్నాడు. ఆ తర్వాతే హెచ్చరిక. రాముడి బాణం ముందు ఎవరూ నిలవలేరని, సీతను వదలకపోతే లంక మిగలదని. ఆ హెచ్చరికలో మెత్తదనం ఏమీ లేదు. రావణుడికి ఒళ్ళు మండి చంపెయ్యమన్నాడంటే ఆ మాటలు ఎంత సూటిగా తగిలాయో అర్థం చేసుకోవచ్చు.

అంటే ఇక్కడ హనుమ ఊరుకోలేదు, తిట్టలేదు కూడా. మూడో దారి ఒకటి ఉందని చూపించాడు. ఎదుటివాడికి బుద్ధి మార్చుకునే అవకాశం ఇస్తూనే, తప్పుని తప్పు అని మొహం మీద చెప్పడం.

ఆయన మాట ఎలా ఉంటుందో రాముడే ఒకసారి లక్ష్మణుడికి చెప్పాడు. కిష్కింధాకాండలో, హనుమ భిక్షువు వేషంలో మొదటిసారి కలిసినప్పుడు. అనవసరమైన సాగదీత లేదు, సందిగ్ధం లేదు, మరీ తొందర లేదు, మరీ నిదానం లేదు, గొంతు మధ్యస్థంగా ఉంది, మాట్లాడుతుంటే మొహంలో గానీ కళ్ళల్లో గానీ కనుబొమల్లో గానీ ఏ వికారం లేదు అని మెచ్చుకున్నాడు. మన ఛానల్లో పబ్లిక్ స్పీకింగ్ గురించి అడిగే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ముందు ఈ సర్గ చదవండి.

నిప్పు ఆరాక

విభీషణుడు అడ్డుపడి దూతని చంపకూడదని చెప్పాడు. అప్పుడు రావణుడు తోకకి నిప్పు పెట్టించాడు. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. ఒక మేడ మీద నుంచి ఇంకో మేడ మీదకి దూకుతూ హనుమ లంకని తగలబెట్టాడు. విభీషణుడి ఇంటిని మాత్రం వదిలేశాడు. అంటే ఆ ఆవేశంలో కూడా కొంత విచక్షణ ఉంది.

పని అయిపోయింది. తోక సముద్రంలో ముంచి నిప్పు ఆర్పుకున్నాడు. వెనక్కి తిరిగి మండుతున్న ఊరిని చూశాడు.

అప్పుడు గుండె జారిపోయింది. "లంక మొత్తం కాల్చేశానే, మరి సీతమ్మ?"

ఆమె కూడా ఇదే ఊళ్ళో ఉంది కదా! ఎవరి కోసం సముద్రం దాటి వచ్చాడో ఆ తల్లినే తన చేత్తో కాల్చేశానేమో అని భయపడ్డాడు. విభీషణుడి ఇల్లు గుర్తుపెట్టుకున్నవాడు అశోకవనం సంగతి మర్చిపోయాడు. ఆ క్షణంలో హనుమ తనని తాను తిట్టుకున్నంతగా రామాయణంలో ఇంకెవరూ ఆయన్ని తిట్టలేదు. కోపం వచ్చినవాడు పెద్దలనైనా చంపగలడు, మంచివాళ్ళనైనా మాటలతో గాయపరచగలడు, వాడికి అనదగింది ఏదో అనరానిది ఏదో తెలియదు అనుకున్నాడు. పాము కుబుసం విడిచినట్టు, లేచిన కోపాన్ని ఓర్పుతో విడిచిపెట్టగలవాడే మనిషి అనుకున్నాడు. నా కోతిబుద్ధి చూపించాను అనుకున్నాడు. రాముడికి, సుగ్రీవుడికి ఏ మొహం పెట్టుకుని కనపడాలి, ఈ మంటల్లోనో సముద్రంలోనో పడి చచ్చిపోతే మేలు అనేదాకా వెళ్ళాడు.

తర్వాత తేరుకున్నాడు. ఆమె తపస్సే ఆమెని కాపాడుతుంది, నిప్పు నిప్పుని కాల్చదు కదా అని తనకి తాను ధైర్యం చెప్పుకున్నాడు. ఇంతలో ఆకాశంలో చారణులు మాట్లాడుకోవడం వినిపించింది. లంకంతా కాలింది కానీ జానకికి ఏమీ కాలేదు, ఎంత ఆశ్చర్యం అని.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. హనుమ ఆగలేదు. ఆ మాట విన్నాక కూడా మళ్ళీ అశోకవనానికి వెళ్ళి, సీతమ్మను కళ్ళారా చూసి, ఆమెతో మాట్లాడి, అప్పుడు గానీ తిరుగు ప్రయాణం కట్టలేదు.

ఈ మూడు మెట్లు జాగ్రత్తగా చూడండి. మొదటిది, ఎవరూ అడగకముందే "నా నిప్పు ఎవరిని కాల్చింది?" అని తనని తాను అడిగాడు. రెండోది, తప్పు చేశానేమో అనిపించినప్పుడు రావణుడే కదా నిప్పు పెట్టించింది అని నెట్టెయ్యలేదు. అలా అనడానికి ఆయనకి పూర్తి హక్కు ఉంది! అయినా అనలేదు. మూడోది, ఎవరో చెప్పింది విని ఊరుకోకుండా స్వయంగా వెళ్ళి చూశాడు.

నేను క్లిప్ పంపినప్పుడు ఈ మూడిట్లో ఒక్కటీ చెయ్యలేదు. హనుమ భయం నిజం కాలేదు, సీతమ్మకి ఏమీ కాలేదు. నా విషయంలో అలా జరగలేదు. పిండి పారబోశారు.

గీత పెట్టిన పరీక్ష

భగవద్గీత 17వ అధ్యాయం మనకి ఇక్కడ బాగా పనికొస్తుంది. శ్రద్ధాత్రయ విభాగ యోగం. శ్రద్ధ అంటే నమ్మకం. నమ్మకంలోనే మూడు రకాలు ఉన్నాయని కృష్ణుడు చెప్తాడు. అంటే "నాకు గట్టి నమ్మకం ఉంది" అంటే చాలదు. అది ఏ రకం నమ్మకం అన్నది కూడా చూసుకోవాలి.

15వ శ్లోకంలో మాటతో చేసే తపస్సు గురించి ఉంది. నాలుగు లక్షణాలు చెప్తాడు. ఎదుటివారి మనసుని కలవరపెట్టకూడదు. సత్యం కావాలి. వినడానికి ఇష్టంగా ఉండాలి. మేలు చేసేదై ఉండాలి. వీటితో పాటు స్వాధ్యాయం కూడా, అంటే శాస్త్రాన్ని తను చదువుకుంటూ ఉండటం.

ఈ లెక్కన నా మెసేజ్‌కి ఎన్ని మార్కులు వస్తాయి? కలవరపెట్టింది. సత్యం కాదు. ఇష్టంగా లేదు. మేలు చెయ్యలేదు. స్వాధ్యాయం మాట అటుంచి, కనీసం సౌండ్ పెట్టుకుని వినలేదు. నాలుగుకి సున్నా.

తర్వాత 17, 18, 19 శ్లోకాల్లో తపస్సుని మూడుగా విడదీస్తాడు. ఫలం ఆశించకుండా శ్రద్ధతో చేసేది సాత్త్వికం. సత్కారం కోసం, గౌరవం కోసం, పూజ కోసం, డాంబికంగా చేసేది రాజసం. అది నిలవదు అని కూడా చెప్తాడు. మూఢ పట్టుదలతో తనని హింసించుకుంటూనో, పక్కవాడిని నాశనం చెయ్యాలనో చేసేది తామసం.

దీన్ని మన రోజువారీ జీవితానికి పెట్టి చూద్దాం. ధర్మం కోసం మాట్లాడుతున్నాను అని ఒక రీల్ పెట్టాం. పెట్టాక గంటలో ఇరవైసార్లు లైకులు చూసుకున్నాం అనుకోండి. అది ఏ రకమో నేను చెప్పక్కర్లేదు. ఎదుటివాడి ఉద్యోగం పోవాలి, వాడి కొట్టు మూతపడాలి, వాడు ఏడవాలి అనే కోరికతో పెట్టాం అనుకోండి. పైన దేవుడి బొమ్మ ఉన్నా అది తామసమే. దేవుడి పేరు పెట్టినంత మాత్రాన గుణం మారదు. ఈ మాట మీ కోసమే కాదు, వారానికి రెండు వీడియోలు పెట్టి వ్యూస్ చూసుకునే నాకు కూడా.

నెల్లూరు వీధుల్లో చెప్పుల్లేకుండా

"అన్నా, ఇవన్నీ పురాణాల్లో బాగుంటాయి, ఈ కాలంలో కుదరవు" అనేవాళ్ళ కోసం మన కాలానికి దగ్గర ఉన్న ఒక మనిషి గురించి చెప్తాను. పొట్టి శ్రీరాములు గారు.

మనకి ఆయన అంటే 1952 నిరాహారదీక్ష ఒక్కటే గుర్తు. మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో అక్టోబర్ 19న మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి ప్రాణాలు వదిలారు. 58 రోజులు. తర్వాత నాలుగు రోజులకే ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రధాని నెహ్రూ ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. ఇదంతా స్కూల్ పుస్తకంలో ఉంది.

కానీ అంతకు ముందు సంగతి మన పాఠానికి ఇంకా దగ్గర. ఆయన బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి రైల్వేలో ఉద్యోగం చేశారు. చిన్న వయసులోనే భార్య, బిడ్డ పోయారు. ఉద్యోగం వదిలేసి గాంధీగారి సబర్మతి ఆశ్రమానికి వెళ్ళారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళారు. ఆ తర్వాత నెల్లూరులో ఉంటూ ఒకే ఒక్క విషయం పట్టుకున్నారు. గుడి అందరిదీ కావాలి. అప్పట్లో దళితులకి చాలా గుళ్ళలోకి ప్రవేశం లేదు. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి వాళ్ళని రానివ్వాలని 1946లో నిరాహారదీక్ష చేశారు. చివరికి ఆ గుడి తలుపులు వాళ్ళకి తెరుచుకున్నాయి.

ఇంకా ఏం చేసేవారంటే, అస్పృశ్యత పోవాలని రాసిన అట్టలు మెడలో వేసుకుని, చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా, నెల్లూరు ఎండలో వీధులన్నీ తిరిగేవారు. నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో అక్కడివాళ్ళని అడగండి. చూసి నవ్వుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. పిచ్చివాడు అనుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు.

ఆయనది ఆవేశం కాదా? నిప్పులాంటి ఆవేశమే. కానీ ఆ నిప్పు మొదట ఎవరి పాదాలు కాల్చింది? ఆయనవే. నమ్మకానికి అయ్యే ఖర్చు తన జేబులోంచి పెట్టుకున్నారు. నేను క్లిప్ పంపినప్పుడు నా నమ్మకానికి అయిన ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? టిఫిన్ బండి ఆయన.

అయితే ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న కూడా ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. శరీరాన్ని హింసించుకుంటూ చేసే తపస్సుని గీత మెచ్చుకోదు అని ఇప్పుడే చెప్పుకున్నాం. మరి నిరాహారదీక్ష సంగతేంటి? ఆయన చనిపోయాక ఎన్నో ఊళ్ళలో అల్లర్లు జరిగాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఆయన కోరుకోని నిప్పు అది. దీనికి నా దగ్గర ఒక్క లైన్ జవాబు లేదు. పెద్దల్లో కూడా దీని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆయన ఇంకొకరి నాశనం కోరలేదు, తన పేరు కోసం చెయ్యలేదు. మిగతాది మీరు ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

అయితే గట్టిగా మాట్లాడకూడదా?

మాట్లాడాలి. దయచేసి ఈ పాఠాన్ని "నోరు మూసుకుని కూర్చోండి" అని అర్థం చేసుకోకండి. హనుమ సభలో నోరు మూసుకోలేదు. విభీషణుడు కూడా మూసుకోలేదు.

విభీషణుడి పరిస్థితి ఇంకా కష్టం. ఎదురుగా ఉన్నది శత్రువు కాదు, సొంత అన్న. దూతని చంపవద్దని ఒకసారి చెప్పాడు, అప్పుడు రావణుడు విన్నాడు. సీతను తిరిగి ఇచ్చెయ్యమని చెప్పాడు, ఈసారి వినలేదు. నిండు సభలో అవమానించాడు. మెచ్చుకోలు మాటలు చెప్పేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు, చేదుగా ఉన్నా మంచి చెప్పేవాడూ వినేవాడూ దొరకడం కష్టం అని చెప్పి, నలుగురు అనుచరులతో లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కూడా శాపనార్థాలు పెట్టలేదు. నేను లేకుండా నువ్వు సుఖంగా ఉండు అనే చెప్పి వెళ్ళాడు.

మన ఇళ్ళల్లో ఇదే కదా అసలు కష్టం! ముక్కూ మొహం తెలియని వాడితో ఆన్‌లైన్‌లో పోట్లాడటం తేలిక. ఫ్యామిలీ గ్రూపులో బాబాయి అబద్ధం ఫార్వర్డ్ చేస్తే, "బాబాయ్, ఇది నిజం కాదు, ఒకసారి చూడండి" అని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. మన వైపు వాడు తప్పు మాట్లాడినప్పుడు చెప్పడమే విభీషణుడి ధర్మం. అవతలి వైపు వాళ్ళ తప్పులు చెప్పడానికి లంకలో చాలామంది ఉన్నారు.

చివరికి యుద్ధం అయిపోయి, రావణుడు నేలకూలాక, విభీషణుడు అన్నకి అంత్యక్రియలు చెయ్యడానికి వెనకాడితే రాముడు ఏమన్నాడో గుర్తు చేసుకోండి. పగ చావుతోనే అయిపోయింది, ఇప్పుడు అతను నీకు ఎంతో నాకూ అంతే అన్నాడు. యుద్ధం చేసినవాడి మాట ఇది. అంత యుద్ధం చేసిన రాముడికే పగకి ఒక ముగింపు ఉంటే, మన కామెంట్ యుద్ధాలకి ఉండొద్దా?

ఈ వారం సాధన

ఈ వారం ఏడు రోజులు ఒక చిన్న నియమం పెట్టుకుందాం. ఒళ్ళు మండించే పోస్ట్ ఏది కనపడినా, ఫార్వర్డ్ చేసేముందో కామెంట్ పెట్టేముందో ఈ పనులు చెయ్యండి:

1. సౌండ్ పెట్టుకుని చివరిదాకా చూడండి. ఎక్కడిది, ఎప్పటిది అని వెతకండి. దొరక్కపోతే పంపొద్దు.

2. పదకొండుసార్లు రామనామం అనుకోండి. అప్పటికీ రాయాలనిపిస్తే రాయండి. నా అనుభవంలో సగంసార్లు అనిపించదు.

3. ఎదుటివాడు మీ ముందు కూర్చుని ఉంటే ఇదే మాట ఇలాగే అంటారా అని చూసుకోండి. అనలేకపోతే మాట మార్చండి, విషయం మార్చక్కర్లేదు.

4. మీరు పెట్టింది తప్పని తేలితే, ఎక్కడెక్కడ పెట్టారో అక్కడల్లా తప్పని చెప్పండి. డిలీట్ చేస్తే సరిపోదు. నేను ఈ పోస్ట్ రాసేముందు ఆ మిగిలిన రెండు గ్రూపుల్లో ఇప్పుడు చెప్పాను. ఇన్నేళ్ళకి చెప్పాను కాబట్టి కొందరికి అసలు గుర్తే లేదు. నాకు గుర్తుంది కదా.

5. ఆ వారంలో ధర్మం కోసం మీ ఒంటితో చేసే పని ఒకటి పెట్టుకోండి. గుడి ప్రాంగణం ఊడవడం కావచ్చు, అన్నదానంలో వడ్డించడం కావచ్చు, పక్కింటి పిల్లవాడికి పాఠం చెప్పడం కావచ్చు. నమ్మకానికి కొంచెం మన చెమట కూడా తగలాలి.

ఆలోచించుకోవడానికి ప్రశ్నలు

సత్సంగం చేసుకునేవాళ్ళు, ఇంట్లో కలిసి చదువుకునేవాళ్ళు వీటి గురించి మాట్లాడుకోండి:

• రావణుణ్ణి చూసినప్పుడు హనుమకి అతని గొప్పతనం కనపడింది. మీకు అస్సలు నచ్చని ఒక మనిషిలో మీకు కనపడే మంచి ఏమిటి? ఒక్కటైనా చెప్పగలరా?

• లంక కాల్చడం తప్పా? వాల్మీకి హనుమని గొప్పగానే చూపిస్తాడు, ఆయన పశ్చాత్తాపం కూడా దాచడు. రెండూ ఒకేచోట ఎలా ఉంటాయి?

• మీరు ఎప్పుడైనా అన్న మాట వల్ల ఎవరి పిండి పారబోయాల్సి వచ్చింది? వాళ్ళ దగ్గరికి వెళ్ళారా?

• పొట్టి శ్రీరాములు గారి దీక్ష గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఏం గుర్తుంది? అడిగి తెలుసుకోండి.

చివరగా, ప్రశ్న అడిగిన తమ్ముడికి. హనుమ అయితే ఏం చేసేవాడు అని అడిగావు కదా. ముందు ఎదుటివాడి క్షేమం అడిగేవాడు. తర్వాత తప్పుని తప్పు అని సూటిగా చెప్పేవాడు. ఎప్పుడైనా నిప్పు చెయ్యి దాటితే, సీతమ్మ క్షేమంగా ఉందో లేదో చూడకుండా ఇంటికి వెళ్ళేవాడు కాదు. నీకు ఒళ్ళు మండటం తప్పు కాదు. అది నీకు రాముడి మీద ఉన్న ప్రేమే. ఆ ప్రేమ అందులో ఉన్నట్టు వినేవాడికి కూడా తెలిసేలా మాట్లాడు, అంతే.

ఆ నీలం బండి ఇప్పటికీ మా సందు చివరే ఉంది. ఆవిడ ఇప్పుడు నాతో మాట్లాడుతుంది. అన్నట్టు, అల్లం చట్నీ చాలా బాగుంటుంది.

వచ్చే వారం సుందరకాండలో తర్వాతి ఘట్టం: హనుమ తిరిగొచ్చి రాముడికి ఆ మాట ఎలా చెప్పాడో చూద్దాం. అప్పటిదాకా సెలవు.

జై శ్రీరామ్. జై హనుమాన్.